రిలీజ్‌కు ముందే దొరికిన డిస్కు, మర్నాడే "పైరసీ" అన్న మెయిలు: రివ్యూ చేసేవాళ్ల దగ్గర ఏముండాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు జరిగింది ఇదీ. తెలుగులో గేమ్ రివ్యూలు చేసే యూట్యూబ్ ఛానెల్ మీది. మీ ఊళ్లో షాపతను ఒక పెద్ద గేమ్ పీఎస్5 డిస్కును రిలీజ్ తేదీకి నాలుగు రోజుల ముందే అమ్మేశాడు. మీరు రెండు రాత్రులు కూర్చుని ఆడి, పన్నెండు నిమిషాల వీడియో పెట్టారు. గేమ్ నచ్చలేదని, గుర్రం మీద వెళ్తుంటే బొమ్మ ఆగి ఆగి వస్తోందని చెప్పారు. మర్నాడు పొద్దున కంపెనీ తరఫువాళ్ల నుంచి "మీరు అనధికారిక, పైరసీ కాపీ వాడారు, వీడియో తీసెయ్యండి" అని మెయిలు. సాయంత్రానికి కాపీరైట్ స్ట్రైక్, అంటే ఫిర్యాదు మీద యూట్యూబ్ వీడియో తీసేసి ఛానెల్ మీద వేసే మచ్చ. కామెంట్లలో సగం మంది మిమ్మల్ని దొంగను చేసేశారు. చివర్లో ఇంకోటి కూడా అడిగారు: తెలుగు ఛానెళ్లకు ఎలాగూ రివ్యూ కోడ్లు (గేమ్‌ను ముందుగా, ఉచితంగా ఆడటానికి కంపెనీ ఇచ్చే కీలు) ఇవ్వరు కదా, రివ్యూ కోసం మాత్రమే క్రాక్ (రక్షణ తాళం విరగ్గొట్టిన దొంగ కాపీ) వాడితే తప్పేంటని.

నేను హైదరాబాదులో ఆరేళ్లు గేమ్ టెస్టింగ్ చేశాను, ఆ తర్వాత రివ్యూలు రాస్తూ వచ్చాను. అంటే కంపెనీ గోడకు రెండు వైపులా నిలబడి చూసినవాణ్ణి. ముందు మీకు కావలసిన మాట చెప్తాను. డిస్కు కొన్నందుకు మీరు దొంగ కారు. కానీ వీడియో విషయంలో మీరు అనుకున్నంత గట్టి నేల మీద కూడా లేరు. ఇక క్రాక్ విషయంలో నా సమాధానం "వద్దు". దానికి చట్టం ఒక కారణమే గానీ అసలు కారణం వేరే ఉంది. అది కింద వివరంగా రాశాను, దయచేసి దాటెయ్యకండి.

మీకు వచ్చినలాంటి మెయిలు కొత్తదేం కాదు. 2008 జూన్‌లో అటారీ కంపెనీ 'అలోన్ ఇన్ ది డార్క్' అనే గేమ్ తెచ్చింది. ఫ్రాన్సులోని ఈడెన్ గేమ్స్ చేసింది. పేరున్న పాత సిరీస్, భారీ ప్రచారం. రిలీజ్ దగ్గర పడే సమయానికి యూరప్‌లో కొన్ని సైట్లు రివ్యూలు పెట్టేశాయి, వాటిలో మార్కులు తక్కువ. నార్వేలో గేమర్.నో అనే సైటు పదికి మూడే ఇచ్చింది. జర్మనీలో 4ప్లేయర్స్ 68 శాతం ఇచ్చింది. అటారీ ఏమంది? వీళ్లకు మేం కాపీలు పంపలేదు, కాబట్టి ఇంటర్నెట్‌లో దించుకున్న పైరసీ కాపీయో, పూర్తికాని కాపీయో ఆడి రాసి ఉంటారు, రివ్యూలు తీసెయ్యాలి అంది. వ్యవహారం లాయర్ల దాకా వెళ్లింది. నార్వే సైటువాళ్ల జవాబు సూటిగా ఉంది: తేదీ రాకముందే అమ్మేసిన షాపు నుంచి వచ్చిన అసలు కాపీయే మాది అన్నారు. అచ్చం మీ పరిస్థితే.

ఇందులో చూడాల్సిన సంగతి తర్వాత జరిగింది. అదే ఏడాది నవంబరులో ఆ గేమ్ పీఎస్3కి 'ఇన్‌ఫెర్నో' అన్న తోకతో వచ్చింది. కెమెరా మార్చారు, కంట్రోల్స్ మార్చారు, కారు నడిపే భాగాలు సవరించారు. రివ్యూల్లో తిట్లు పడింది సరిగ్గా వాటికే. అంటే రాసినవాళ్లు చూసింది అసలు గేమ్‌నే, చెప్పిన లోపాలు అందులో ఉన్నవే. ఎవరి కాపీ ఎక్కడిది అన్న గొడవలో ఆ లోపాల మాట పక్కకు పోయింది. "పైరసీ" అనే మాటకు ఆ బలం ఉంది. ఒకసారి పడ్డాక, మీరు గేమ్ గురించి ఏం చెప్పారన్నది ఎవరూ వినరు, మీరెవరన్నదే చర్చ అవుతుంది. మీ కామెంట్లలో జరిగింది అదే.

ఇప్పుడు మీ డిస్కు సంగతి. రిలీజ్ తేదీకి ముందు అమ్మకూడదన్నది కంపెనీకి, పంపిణీదారుకి, షాపుకి మధ్య ఉన్న ఒప్పందం. దాన్ని తప్పింది షాపతను. మీరు ఆ ఒప్పందంలో లేరు. ఎంబార్గో కూడా అంతే. ఫలానా రోజు, ఫలానా గంట దాకా నోరు విప్పను, ఫలానా చాప్టర్ దాటి చూపించను అని ఒప్పుకుని కోడ్ తీసుకున్నవాడికే అది కట్టుబాటు. మీరు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, ఏ మెయిలుకూ "సరే" అనలేదు. డబ్బిచ్చి కొన్న వస్తువు బాగుందో లేదో చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే మొదట అడుగుతున్నాను: బిల్లు ఉందా? మీ ప్రశ్నలో ఆ మాట లేదు. ముందుగా అమ్మే షాపులవాళ్లు చాలాసార్లు బిల్లు ఇవ్వరు, లేదా రిలీజ్ రోజు తేదీ వేసి ఇస్తారు. ఆ రెండో రకం బిల్లు మీకు ఉపయోగపడకపోగా ఎదురు తిరుగుతుంది. కొన్న తేదీ వీడియో పెట్టిన తేదీకి తర్వాతదైతే మీ మాట ఎవరు నమ్ముతారు? యూపీఐలో కట్టి ఉంటే ఆ లావాదేవీ తేదీ, సమయం మార్చలేనివి. అది బిల్లు కంటే గట్టి సాక్ష్యం. నగదు ఇచ్చి ఉంటే డిస్కు, డబ్బా, కొన్న రోజు మీరు ఎవరికైనా వాట్సాప్‌లో పంపిన ఫొటో, ఏది ఉంటే అది తీసి పెట్టుకోండి.

వీడియో దగ్గరికి వస్తే మాత్రం కథ మారుతుంది. 4ప్లేయర్స్, గేమర్.నో అక్షరాలతో రాశాయి. అక్షరాన్ని తీయించాలంటే లాయరు, నోటీసు, కోర్టు. వీడియోలో మీరు పన్నెండు నిమిషాలూ గేమ్ బొమ్మనే నడిపించారు. డిస్కు మీదే గానీ ఆ బొమ్మల మీద, సంగీతం మీద హక్కు కంపెనీది. యూట్యూబ్‌లో ఒక ఫారం నింపితే చాలు, వీడియో పోతుంది. 2013లో 'డే వన్: గ్యారీస్ ఇన్సిడెంట్' అనే చిన్న గేమ్‌కు జరిగింది గుర్తుందా? వైల్డ్ గేమ్స్ స్టూడియో తానే కీ ఇచ్చి ఆడించింది. టోటల్‌బిస్కట్ పేరుతో ఛానెల్ నడిపిన జాన్ బెయిన్ ఆడి, గేమ్ ఎంత అధ్వానంగా ఉందో చూపించాడు. స్టూడియో కాపీరైట్ ఫిర్యాదు పెట్టి వీడియో తీయించింది. జరిగినదంతా ఆయన ఇంకో వీడియోలో బయటపెట్టాక, జనం తిరగబడ్డాక, ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. కంపెనీయే ఇచ్చిన కీతో చేసిన వీడియోకే ఆ గతి పడితే, మీ కాపీ ఎంత సొంతమైనా అది ఒక్కటే వీడియోను కాపాడదు.

పైగా రిలీజ్ కాని గేమ్ బొమ్మ చూపించడం మీద కంపెనీలు ఇంకా గట్టిగా ఉంటాయి. నింటెండో 2018 నవంబరులో వీడియోలకు పెట్టిన నియమాల్లో అధికారికంగా విడుదలైనవే వాడాలని స్పష్టంగా ఉంది. మీ గేమ్ ఎవరిదో మీరు చెప్పలేదు, నాకు అవసరమూ లేదు. ఆ కంపెనీ సైటులో ఇలాంటి పేజీ ఉంటుంది, వెతికి చదవండి. నాలుగు రోజుల ముందు నోటితో చెప్పడం వేరు, చూపించడం వేరు. మొహం చూపించి, డిస్కు చేతిలో పట్టుకుని, గేమ్ దృశ్యం ఒక్కటీ లేకుండా అవే మాటలు చెప్పి ఉంటే వాళ్లు స్ట్రైక్ వెయ్యడానికి పట్టు దొరికేది కాదు.

ఇప్పుడు క్రాక్ మాట. దీనికి నా అనుభవమే చెప్తాను.

2009లో నాకు సొంత బ్లాగు ఉండేది. పీసీ గేములు అసలువి కొనే స్తోమతు లేదు, యాభై రూపాయల డిస్కులు దొరికేవి. 'బ్యాట్‌మన్: ఆర్ఖమ్ అసైలం' అలాగే తెచ్చుకున్నాను. మొదటి రెండు గంటలు మైమరచి ఆడాను. తర్వాత ఒక గది వచ్చింది. నేలంతా విషవాయువు, పచ్చగా పొగ. ఈ అంచు నుంచి దూకి, రెక్కలు విప్పి, తేలుకుంటూ అవతలి అంచుకు చేరాలి. దూకాను. బటన్ నొక్కి పట్టుకున్నాను. రెక్క విచ్చుకుంది, మూసుకుంది, మళ్లీ విచ్చుకుంది, మూసుకుంది. తడిసిన గొడుగు దులిపినట్టు. మనిషి నిలువునా పొగలో పడి చచ్చాడు. ముప్పై నలభైసార్లు ప్రయత్నించాను. కీబోర్డు మార్చాను. గేమ్ తీసేసి మళ్లీ ఎక్కించాను. చివరికి కోపంతో రివ్యూ రాశాను, బ్యాట్‌మన్ గేమ్‌లో బ్యాట్‌మన్‌కు ఎగరడం రాదని, పరీక్షించకుండానే అమ్మేశారని. నాకప్పుడు ఉన్న నాలుగైదు వందల మంది పాఠకులు నమ్మారు. ఇద్దరు కొనడం మానుకున్నామని రాశారు.

అది లోపం కాదు. కావాలని పెట్టిన ఉచ్చు. అసలు కాపీ కాదని గుర్తిస్తే గేమ్ ఎగిరే శక్తిని తీసేస్తుంది. అప్పట్లో ఆ గేమ్ తెచ్చిన ఐడోస్ కంపెనీ సొంత ఆన్‌లైన్ వేదిక మీద ఒకతను ఇదే ఇబ్బంది అడిగితే, లోపం గేమ్ కోడ్‌లో లేదు, మీ నీతి నియమావళిలో ఉంది అని కంపెనీ మనిషి జవాబిచ్చాడు. ఆ జవాబు చదివిన రోజు నాకు పట్టిన చెమట ఇప్పటికీ గుర్తుంది. రివ్యూ తీసేసి, జరిగింది జరిగినట్టు రాసి, మూడు నెలల తర్వాత అసలు కాపీ కొని ఆడి మళ్లీ రాశాను. ఆ గది ఒక్క దూకుడులో దాటేశాను. కొనడం మానుకున్న ఆ ఇద్దరికీ విడిగా రాశాను, ఒకరే తిరిగి పలికారు.

అందుకే అంటున్నాను, క్రాక్ వద్దనడానికి నా మొదటి కారణం చట్టం కాదు. క్రాక్ చేసిన కాపీ అసలు గేమ్ అవునో కాదో మీకు తెలిసే మార్గం లేదు. ఇది అరుదైన సంగతి కూడా కాదు. 'టైటన్ క్వెస్ట్' 2006లో వచ్చింది. దుకాణాలకు చేరకముందే క్రాక్ అయింది. క్రాక్ చేసినవాళ్లు ఒక రక్షణ తీసేశారు గానీ లోపల ఇంకా కొన్ని తనిఖీలు మిగిలిపోయాయి. ఆడుతూ ఆడుతూ ఆ తనిఖీ దగ్గరికి రాగానే గేమ్ ఒక్క ముక్క చెప్పకుండా మూసుకుపోయేది. పైరసీ కాపీ అని ఒక వాక్యం చూపించి ఉంటే ఎంత బాగుండేది! చూపించలేదు. గేమ్ నిండా తప్పులే అన్న మాట రిలీజ్‌కు ముందే పాకిపోయింది. ఆ గేమ్‌ను మార్కెట్‌లోకి తెచ్చిన టీహెచ్‌క్యూలో పనిచేసిన మైకేల్ ఫిచ్ 2008లో, దాన్ని తయారు చేసిన ఐరన్ లోర్ స్టూడియో మూతపడ్డాక, ఈ బాధంతా రాశాడు. టెస్టర్‌గా పని చేసిన రోజుల్లో చదివాను. లోపాల జాబితా పట్టుకుని రాత్రిళ్లు పని చేసేవాడికి, లేని లోపానికి మాట పడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అదే 2008లో యూబీసాఫ్ట్ ఇంకో అడుగు వేసింది. 'అసాసిన్స్ క్రీడ్' పీసీ కాపీ అమ్మకాలకు సుమారు ఆరు వారాల ముందే బయటికి పాకింది. డిస్కులు ముద్రించే ఆప్టికల్ ఎక్స్‌పర్ట్స్ మాన్యుఫాక్చరింగ్ అనే సంస్థ నుంచే పోయిందంటూ అమెరికాలో కోటి డాలర్లకు దావా వేసింది. ఆ ముందస్తు కాపీలో మధ్యలో ఆగిపోయే లోపాన్ని తామే కావాలని పెట్టామని, అది పైరసీలో తిరిగి గేమ్‌కు చెడ్డపేరు తెచ్చిందని ఆ దావాలోనే రాసుకుంది. ఏడు లక్షలకు పైగా డౌన్‌లోడ్లు జరిగాయని లెక్క చెప్పింది. ఇక్కడ నాకు కంపెనీ మీదా కోపమే. చెప్పకుండా ఉచ్చు పెట్టి, అందులో పడ్డవాళ్లు అరిస్తే పేరు పోయిందనడం ఏం న్యాయం? అయినా రివ్యూ చేసేవాడి దిక్కునుంచి చూస్తే తేలేది ఒక్కటే. ఆ కాపీ మీద రాసిన ఏ మాటా నిలవదు.

ఇంతవరకు వచ్చాం కాబట్టి మీరు వినడానికి ఇష్టపడని మాట ఒకటి చెప్పాలి. మీ డిస్కు అసలుదే, కానీ అది కూడా జనం ఆడబోయే గేమ్ కాకపోవచ్చు. డిస్కు ముద్రణకు వెళ్లిన రోజుకి, రిలీజ్ రోజుకి మధ్య వారాలు గడుస్తాయి. ఆ వారాల్లో చేసిన మరమ్మతులన్నీ మొదటిరోజు ప్యాచ్‌గా దిగుతాయి. మీరు నాలుగు రోజుల ముందు ఆడారు. ప్యాచ్ అప్పటికి వచ్చిందా? హోమ్ స్క్రీన్‌లో గేమ్ బొమ్మ మీద నిలబడి ఆప్షన్స్ బటన్ నొక్కి, సమాచారం తెరిస్తే వెర్షన్ కనిపిస్తుంది. 01.000.000 లాంటి మొదటి నంబరే ఉంటే మీరు చూసింది డిస్కులో ముద్రించిన పచ్చి సరుకు. గుర్రం మీద వెళ్తుంటే బొమ్మ ఆగిందన్న మీ ఫిర్యాదు సరిగ్గా ప్యాచ్‌లో సరిచేసే రకం. కోడ్ ఇచ్చి రివ్యూ చేయించేటప్పుడు కంపెనీలు ఒక కాగితం జత చేస్తాయి: ఫలానా చోట శబ్దం పోతుంది, ఫలానా మిషన్ దగ్గర ఆగిపోవచ్చు, రిలీజ్ నాటికి సరిచేస్తాం అని. ఆ కాగితం మీకు రాలేదు. కాబట్టి కంపెనీ మెయిల్లో "పైరసీ" అన్న ముక్క అన్యాయమే గానీ, అప్పట్లో అటారీ అన్నట్టు "పూర్తికానిది" అని ఉంటే అందులో కొంత న్యాయం ఉండొచ్చు.

ఆ కాగితాన్ని గుడ్డిగా నమ్మమని మాత్రం అనను. 2004లో 'డ్రైవర్' సిరీస్ మూడో గేమ్‌కు బ్రిటన్‌లో ఒకే సంస్థకు చెందిన రెండు పత్రికలు, పీఎస్ఎం2, ఎక్స్‌బాక్స్ వరల్డ్, అందరికంటే ముందుగా పదికి తొమ్మిదేసి మార్కులిచ్చాయి. గేమ్ బయటికొచ్చాక చూస్తే లోపాల పుట్ట. పూర్తికాని కాపీ చూసి, సరిచేస్తామన్న మాట నమ్మి మార్కులు వేశారని ఆరోపణలు వచ్చాయి. పత్రికల యాజమాన్యం కాదంది. తెచ్చింది మళ్లీ అటారీయే. ఎక్కువ మార్కులొచ్చినప్పుడు ముందస్తు కాపీ మీద ఆ కంపెనీకి అభ్యంతరం లేదు, నాలుగేళ్ల తర్వాత మూడు మార్కులొచ్చేసరికి కాపీ ఎక్కడిదన్న ప్రశ్న పుట్టింది.

ఏ కాపీ ఎవరికి చేరాలన్నది కంపెనీ చేతిలో ఉన్నంతకాలం ఏం జరుగుతుందో 'సైబర్‌పంక్ 2077' చూపించింది. 2020 డిసెంబరు 10న రిలీజ్. ముందుగా రివ్యూకు ఇచ్చింది పీసీ వెర్షన్ ఒక్కటే. అందులోనూ సొంతంగా రికార్డు చేసిన దృశ్యాలు రిలీజ్ దాకా చూపకూడదు, కంపెనీ ఇచ్చినవే వాడాలి. పీఎస్4 కాపీ రివ్యూ చేసేవాళ్లకు ముందు అందలేదు. ఆ పీఎస్4 కాపీయే ఆడలేనంత ఘోరంగా ఉండి, వారానికే సోనీ తన స్టోర్‌లోంచి తీసేసింది, 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు. ఆ డిసెంబరు మొదటివారంలో ఎవరో ఒకరు మీలాగే షాపులో ముందే దొరికిన పీఎస్4 డిస్కు ఆడి నోరు విప్పితే కొన్నవాళ్లకు ఎంత మేలు! అంతకుముందు 2014 నవంబరులో 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' అర్ధరాత్రి అమ్మకానికి వస్తే, రివ్యూల ఎంబార్గో అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం పన్నెండుకు విడింది. పన్నెండు గంటలు జనం చీకట్లో కొన్నారు. అందుకే సంతకం పెట్టకుండా, డబ్బిచ్చి, ముందుగా కొని చెప్పేవాడు ఉండాలన్నది నా గట్టి నమ్మకం. మీరు చేసిన పని చెయ్యకూడనిదని నేను అనడం లేదు.

చట్టం గురించి కొంచెం. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విమర్శ, సమీక్ష కోసం ఒక కృతిని న్యాయమైన మేరకు వాడుకోవచ్చని ఉంది. చాలామంది ఆ ఒక్క ముక్క చదివి ధైర్యం తెచ్చుకుంటారు. అదే వాక్యంలో "కంప్యూటర్ ప్రోగ్రాం కాని" కృతి అని ఉంది. గేమ్ లోపల ప్రోగ్రాం ఉంది, బొమ్మలున్నాయి, సంగీతం ఉంది, కథ ఉంది. వీడియోలో కనిపించేది బొమ్మే గానీ ప్రోగ్రాం కాదని లాయరు వాదించడానికి దారి ఉంది, కానీ అది వాదనే. ఇక క్రాక్ వాడేవాళ్లు 63బీ సెక్షన్ చదవాలి. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో ప్రోగ్రాం వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం కాకపోతే కోర్టు జైలు వెయ్యకుండా జరిమానాతో వదలొచ్చు. యాడ్స్ మీద డబ్బులొచ్చే ఛానెల్‌కు ఆ మినహాయింపు చెప్పుకోవడం కష్టం. అమెరికాలో కొలరాడోకు చెందిన ఒక స్ట్రీమర్ రిలీజ్ కాని నింటెండో గేముల పైరసీ కాపీలు పదే పదే ప్రసారం చేస్తే 2024 నవంబరులో కంపెనీ దావా వేసింది. ఛానెల్ మూస్తే ఇంకోటి తెరుస్తానన్నట్టు సవాలు చేశాడట. ఆ దారిలో వెళ్లకండి.

కోడ్లు ఇవ్వరన్న మీ బాధ నాకు తెలుసు, పదేళ్లు పడ్డాను. ఇవ్వకపోవడం అన్యాయంగా అనిపిస్తుంది గానీ ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లకు లేదు. పెద్దవాళ్లకే ఆపేస్తారు. కొటాకు అనే గేమ్ వార్తల సైటు 'ఫాలౌట్ 4' రహస్య పత్రాలు బయటపెట్టాక 2013 డిసెంబరు నుంచి ఆ గేమ్ కంపెనీ బెథెస్డా, 'అసాసిన్స్ క్రీడ్' సంగతులు రాశాక దాదాపు ఏడాదిగా యూబీసాఫ్ట్ తమతో మాట్లాడటం లేదని అప్పటి ఎడిటర్ స్టీఫెన్ టోటిలో 2015 నవంబరులో బహిరంగంగా రాశాడు. వాళ్లు కొనుక్కుని రివ్యూలు చేస్తూ పోయారు. అదే సైటు 2021లో నింటెండో గేమ్ 'మెట్రాయిడ్ డ్రెడ్'ను ఎమ్యులేటర్ (కన్సోల్ గేమ్‌ను కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఆడటం గురించి రాసి, పైరసీని సమర్థించినట్టుందన్న విమర్శతో వ్యాసం దిద్దుకోవాల్సి వచ్చింది. నింటెండో తమను దూరం పెట్టిందని 2023లో వాళ్లే చెప్పారు.  కంపెనీల అనుమానానికి కూడా కారణం లేకపోలేదు. యూట్యూబర్ల పేరుతో దొంగ మెయిళ్లు పంపి కీలు తీసుకుని అమ్ముకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పాత డిస్కు కొని ఆడి తిరిగి అమ్మేయడం, నెలవారీ చందాలో వచ్చినవి ఆడటం, చిన్న స్టూడియోలకు ఛానెల్ మెయిలు నుంచే నేరుగా రాయడం, నేను ఈ మూడింటి మీదే బతికాను. చిన్న స్టూడియోలు తెలుగులో రివ్యూ అంటే సంతోషంగా ఇస్తాయి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. ఇవాళే ఎదురు నోటీసు (వీడియో తీయించడం తప్పంటూ యూట్యూబ్‌కు ఇచ్చే అభ్యంతరం) వెయ్యకండి. దాన్ని వేస్తే మీ పేరు, చిరునామా కంపెనీకి వెళ్తాయి, అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకున్నట్టు రాసివ్వాలి, ఆ తర్వాత వాళ్లు కేసు వెయ్యడానికి పది పనిదినాలు ఉంటాయి. లాయరుకు చూపించకుండా ఆ పని వద్దు. ఒక్క స్ట్రైక్‌తో ఛానెల్ పోదు, తొంభై రోజుల్లో మూడు పడితే పోతుంది. కాబట్టి ముందు అదే గేమ్ మీద ఇంకేమైనా వీడియోలు, షార్ట్‌లు ఉంటే రిలీజ్ దాకా దాచెయ్యండి, రెండోది పడకుండా.

తర్వాత మెయిలు పంపిన చిరునామా నిజంగా కంపెనీదో కాదో చూడండి. నిజమైతే చిన్న జవాబు చాలు: డిస్కు ఫలానా తేదీన డబ్బిచ్చి కొన్నాను, రుజువు జత చేశాను, మీతో నాకు ఎంబార్గో ఒప్పందం లేదు, కాపీ పైరసీదన్న మాట వెనక్కి తీసుకుంటున్నట్టు రాతపూర్వకంగా చెప్పండి, రిలీజ్ రోజు ప్యాచ్‌తో మళ్లీ పరీక్షించి వీడియో సవరిస్తాను, స్ట్రైక్ ఉపసంహరించండి. షాపు పేరు అడుగుతారు. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే బిల్లు మీద షాపు పేరు, నంబరు కప్పేసి తేదీ, మొత్తం మాత్రమే చూపిస్తాను. కోపంలో ఒక్క మాట కూడా రాయొద్దు, ఆ మెయిలు రేపు ఎవరైనా చదవొచ్చు.

రిలీజ్ రోజు ప్యాచ్ దించుకుని, మొదట ఇబ్బంది వచ్చిన ఆ గుర్రం దారిలోనే మళ్లీ వెళ్లండి. రెండు వెర్షన్ నంబర్లూ తెర మీద కనిపించేలా రికార్డు చెయ్యండి. ఇంకా ఆగుతుంటే ఆగుతోందనే చెప్పండి, సరైతే సరైందని మొదటి నిమిషంలోనే చెప్పండి. ఇకముందు ప్రతి రివ్యూలోనూ ఏ కాపీ, ఎవరి డబ్బు, ఏ వెర్షన్, ఎన్ని గంటలు ఆడారు అన్నది ముందే ఒక వాక్యంలో చెప్పేయండి.

యూట్యూబ్ నోటీసులో వాళ్లు రాసిన కారణం అక్షరం మార్చకుండా నాకు చూపించండి, డబ్బు ఎలా కట్టారో కూడా చెప్పండి. అవి చూశాక మెయిలు ముసాయిదా నేను సరిదిద్దుతాను.